తెల్లబంగారం ఏరిన చేతులు: చిలకలూరిపేట పత్తికాలంలో సుగాలి, ఎరుకల, యానాదుల బతుకులు

చిలకలూరిపేట చరిత్ర ఎవరు రాసినా పత్తి దగ్గర ఆగుతారు. ఊరు ఈ రూపానికి రావడానికి నల్లరేగడి నేల, మద్రాసు-కలకత్తా రహదారి, పత్తి అనే మూడూ కారణమని చెబుతారు. గణపవరం వైపు వెళితే కనిపించే జిన్నింగు మిల్లులు, నూలుమిల్లులు, బేళ్లు ఎత్తుకుని నిలబడ్డ లారీల వరుసలు అందుకు సాక్ష్యం. ఆ కథలో రైతు ఉంటాడు, కమీషన్ వ్యాపారి ఉంటాడు, మిల్లు యజమాని ఉంటాడు, పురుగుమందుల దుకాణందారు కూడా ఉంటాడు. పత్తి తీసిన ఆడమనిషి ఎక్కడా కనిపించదు. మన సంఘం సంచికలో రాసే అవకాశం వచ్చింది కాబట్టి ఆ కథను తీత సాలు వైపు నుంచి చెప్పే ప్రయత్నం చేస్తాను.

ముందే ఒక మాట. పత్తి తీసిన చేతులన్నీ గిరిజనులవే అంటే అది అబద్ధం అవుతుంది. ఆ చేతుల్లో ఎక్కువ భాగం చుట్టుపక్కల ఊళ్ల మాల, మాదిగ ఆడవాళ్లవి. వారి పక్కనే పడమటి మెట్ట నుంచి వలస వచ్చిన సుగాలీలు, ఊరి అంచున ఉన్న ఎరుకలవాళ్లు, కాలవ గట్ల మీది యానాదులు ఉన్నారు. ఈ మూడు తెగలకూ పత్తి వచ్చిన దారి ఒకటి కాదు, పత్తి చేసిన మేలూ కీడూ ఒకటి కాదు. అందుకే అందరినీ కలిపి 'గిరిజనులు' అని ఒకే మాటలో చెప్పకుండా విడివిడిగా చెప్పుకుందాం.

పేటకు ముందు, రైలుకు ముందు

ఊరి పేరు చివర 'పేట' ఉందంటే అక్కడ అంగడి ఉండేదని అర్థం. ఇటు సముద్ర తీరం, అటు పల్నాటి మెట్ట, ఆ పైన దక్కను. తీరాన ఉప్పు పండుతుంది, మెట్టన ధాన్యమూ పత్తీ పండుతాయి. వీటిని అటూ ఇటూ మోసిందెవరు? బండ్లు పోలేని దారుల్లో వందల ఎద్దుల మీద గోనెలు వేసుకుని నడిచిన మన సుగాలి తాతలు మోశారు. ఎరుకలవాళ్లలో 'ఉప్పు ఎరుకల' అనే శాఖ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల, కుంచపురి ఎరుకల అనే పేర్లు కూడా ఇలాంటివే. ప్రతి పేరులోనూ ఒక వృత్తో ఒక సరుకో ఉంటుంది. అంటే ఈ తెగలు 'అడవిలో విడిగా బతికినవి' అని పాఠ్యపుస్తకాలు చెప్పే మాట కోస్తా సుగాలీలకూ ఎరుకలకూ అతకదు. వీళ్లు సంతకీ సంతకీ మధ్య బతికినవాళ్లు. సైన్యాలకు కూడా ధాన్యం మోశారు. మైసూరు యుద్ధాల్లో ఇంగ్లీషు సేనలకు తిండి అందించిన 'బ్రింజారీలు' మనవాళ్లే.

ఈ వ్యాపారాన్ని రెండు దెబ్బలు కూల్చాయి. మద్రాసు రాజధానిలో 1805లో కుంపిణీ ప్రభుత్వం ఉప్పును తన గుత్తాధిపత్యం కిందకు తెచ్చుకుంది. తరవాత 19వ శతాబ్దం చివరలో బెజవాడ నుంచి గుంటూరు, నరసరావుపేట, వినుకొండల మీదుగా గుంతకల్లు దాకా రైలు పడింది. ఎద్దు మీద పదిహేను రోజులు నడిచే గోనె ఒక్క రోజులో చేరడం మొదలైంది. చిలకలూరిపేటకు ఈనాటికీ రైలు స్టేషను లేకపోవడం ఇక్కడ గమనించాలి. రైలు పడిన ఊళ్లలో ఎద్దుల బిడారు త్వరగా మాయమైతే, పేట లాంటి చోట బండికీ ఎద్దుకూ కొంతకాలం ఎక్కువ పని దొరికి ఉండాలని నా అంచనా. దానికి లెక్కలు చూపలేను గాని ఊరి మ్యాపు చూస్తే అలాగే అనిపిస్తుంది.

ఈ రెండు దెబ్బల మధ్యలోనే మన ప్రాంతం మొదటి పత్తి జోరు చూసింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై ఇంగ్లండు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. లాంకషైరు చూపు ఇండియా మీద పడింది. గుంటూరు, కృష్ణా మెట్టల్లో పండే ఎర్రజీరగల నాటు పత్తిని వ్యాపారులు 'కోకనాడ' పత్తి అనేవారు. కాకినాడలో పండి కాదు, కాకినాడ రేవులో ఓడ ఎక్కేది కాబట్టి. ధరలు ఆకాశానికి ఎక్కాయి. 1865లో యుద్ధం ముగిసింది, ధర దిగింది. దూరదేశంలో జరిగిన యుద్ధం వల్ల మన నేలలో పంట మారడం, అది చల్లారగానే కింది వరసలో ఉన్నవాడు ముందు కూలబడడం, ఈ వరస తరవాత కూడా మళ్లీ మళ్లీ చూస్తాం.

పొగాకు జోరు, పోలీసు హాజరు

వ్యాపారం పోయిన తిరుగుడు జాతులను తెల్లదొరలు ఏం చేశారో మనలో చాలామందికి తెలుసు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో సవరించి మద్రాసుకు కూడా వర్తింపజేశారు. ఎరుకలు ఆ జాబితాలోకి ఎక్కారు. కొన్ని జిల్లాల్లో సుగాలీలు కూడా. మీనా రాధాకృష్ణ 2001లో వెలువరించిన పుస్తకంలో ఈ సంగతిని విడమరచి చెప్పారు. ఉప్పు విధానం, రైలు కలిసి ఒక వర్తక జాతిని నిరుద్యోగిని చేశాయి, ఆ నిరుద్యోగికే 'పుట్టుకతో నేరస్థుడు' అని పేరు పెట్టారు. మనవాళ్లు తప్పక చదవవలసిన పుస్తకం అది.

బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు 1913 ప్రాంతంలో పుట్టింది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరు దానికి పెట్టారు, నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీకి ఇచ్చారు. హాజరు పట్టీ, బయటికి పోవాలంటే చీటీ, రాత్రి లెక్కింపు. సరిగ్గా ఆ కాలంలోనే గుంటూరు జిల్లాలో ఇంకో జోరు మొదలైంది. వర్జీనియా పొగాకు వచ్చింది. చీరాలలో ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ ఫ్యాక్టరీ పెట్టింది. సెటిల్‌మెంటు వాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, ఆ ఫ్యాక్టరీలో ఆకు వేరుచేసే పనికి వెళ్లారు. నేరస్థులను 'సంస్కరించడం' అని ఒకరు పిలిచినది, మరొకరి లెక్కలో తప్పించుకుపోలేని కూలీ దొరకడం.

నేను ఈ సంగతి ఇక్కడ ఎత్తడానికి కారణం ఉంది. పత్తి జోరు వచ్చేసరికి గుంటూరు జిల్లా ఎరుకలవాళ్లకు ఫ్యాక్టరీ గంట కొత్త కాదు, తూకం కొత్త కాదు, మేస్త్రీ కొత్త కాదు. ఈ అనుభవం సుగాలీలకు లేదు. రెండు తెగలూ పత్తిని వేరువేరుగా ఎదుర్కోవడానికి ఇదొక కారణం. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతటా 1952లో పోయింది. పోలీసు స్టేషను అలవాటు మాత్రం అంత త్వరగా పోలేదన్నది మన పెద్దల్లో ఎవరిని కదిపినా చెబుతారు.

సాగర్ నీరు, రేగడి పత్తి

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. కుడి కాలవ పల్నాడు మీదుగా వచ్చింది. అప్పటిదాకా జొన్న, కొర్ర, శనగ, మిరప, పొగాకు, నాటు పత్తి పండిన భూముల్లో పద్ధతులు మారాయి. నీళ్లు అందిన చోట వరి వచ్చింది. నీళ్లు సరిగా అందని నల్లరేగడిలో పొడవు పింజ పత్తి వచ్చింది. 1970లో గుజరాత్ నుంచి హెచ్-4 సంకరం, ఆ తరవాత వరలక్ష్మి, తమిళనాడు రకం ఎంసీయూ-5 లాంటివి దేశమంతా పాకాయి. గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు వీటిని అందరికంటే ఆత్రంగా అందుకున్నారు. చిలకలూరిపేట, నాదెండ్ల, యడ్లపాడు, పెదనందిపాడు వైపు భూములు శీతాకాలం వచ్చేసరికి తెల్లబడడం అప్పటి నుంచే.

ఈ కొత్త పత్తిలో ఒక గుణం ఉంది. మొక్క ఒకేసారి పగలదు. కింది కాయ కార్తీకంలో పగిలితే పై కాయ మాఘంలో పగులుతుంది. కాబట్టి మూడు నాలుగు తీతలు, ఒక్కోసారి అయిదు. వరి కోతలా పది రోజుల్లో ముగిసే పని కాదు. నవంబరు నుంచి ఫిబ్రవరి, మార్చి దాకా చేతులు కావాలి. ట్రాక్టరు దున్నగలదు గాని పత్తి తీయలేదు. గుబ్బలోంచి దూదిని నాలుగు వేళ్లతో లాగి, ఆకు నలక అంటకుండా ఒడిలో వేయాలి. మంచు తడి మీద తీస్తే తూకం పెరుగుతుంది, అందుకే యజమాని తెల్లవారుజామున తీయనివ్వడు, లేదా తరుగు కోస్తాడు. ఎండెక్కాక తీస్తే ఎండిన ఆకు పొడిపొడిగా పత్తికి పడుతుంది, అప్పుడు చెత్త ఉందని కోస్తాడు. తీసేవాళ్లకు రెండు వైపులా కోతే.

ఊళ్లో చేతులు చాలలేదు. మేస్త్రీలు పడమటికి వెళ్లారు. బొల్లాపల్లి, వెల్దుర్తి, దుర్గి, మాచర్ల వైపు తండాలకు. అక్కడి నేల రాతినేల, వాన పడితే పంట, లేకపోతే లేదు. సంక్రాంతికి ముందే తిండిగింజలు అయిపోయే ఇళ్లు. మేస్త్రీ చేతిలో అడ్వాన్సు ఉంటుంది. అలా తండాలకు తండాలు కదిలాయి. మొగుడూ పెళ్లాం, ముసలమ్మ, పిల్లలు, ఒక మేక, కోడిపిల్లల గంప. చేల అంచున గుడిసెలు వేసుకుని నాలుగు నెలలు ఉండి, హోళీకి తండా చేరేవారు.

ఒకప్పుడు అదే దారిలో ఉప్పు గోనెలతో తిరిగినవాళ్ల మనవలూ మనవరాళ్లే వీళ్లు. తాతలు సరుకు యజమానులు. మనవలు కిలోకింత అని తీసేవాళ్లు.

డబ్బు చేతికొచ్చాక

ఈ కాలాన్ని పూర్తిగా చీకటిగా చిత్రించేవాళ్లతో నేను ఏకీభవించను. పత్తి తీతల డబ్బు తండాలోకి వచ్చిన మొదటి పెద్ద నగదు. గింజల రూపంలో కాకుండా నోట్ల రూపంలో వచ్చింది. పైగా ఆడవాళ్ల చేతికి వచ్చింది, ఎందుకంటే వేగంగా తీసేది వాళ్లే. ఆ డబ్బుతో అప్పు తీర్చారు, సైకిలు కొన్నారు, రేడియో కొన్నారు, పెంకుటిల్లు వేశారు, కొందరు పిల్లల్ని హాస్టల్లో వేశారు. తెలంగాణలో లంబాడీలకు 1977లో గాని రాని షెడ్యూల్డు తెగ గుర్తింపు ఆంధ్ర ప్రాంతంలో మనకు అంతకుముందే ఉంది. తీతల డబ్బు, గిరిజన సంక్షేమ హాస్టలు ఈ రెండూ కలిసిన ఇళ్లలోంచి మొదటి టీచర్లు, కండక్టర్లు, బ్యాంకు గుమాస్తాలు వచ్చారు. తండాలో మొదటి ఉద్యోగి పుట్టిన ఇల్లు ఏదో అడిగి చూడండి, ఆ ఇంటి తల్లి పత్తి సాలులో నడిచి ఉంటుంది.

అయితే పిల్లల విషయంలో ఇంకో వైపు కూడా చూడాలి. బడి జూన్‌లో తెరుస్తారు. తీతలు నవంబరులో మొదలవుతాయి. హాస్టల్లో ఉన్న పిల్లవాడు బడిలో మిగిలాడు, తల్లిదండ్రుల వెంట చేలగట్టుకు వచ్చినవాడు అరసంవత్సరం పరీక్షకు ముందే జారిపోయాడు. ఆడపిల్లలైతే మరీ. పదేళ్ల పిల్ల వేళ్లు సన్నవి, గుబ్బలోకి సులువుగా పోతాయి అని మెచ్చుకోలుగా అనేవారు. ఆ మెచ్చుకోలు ఖరీదు ఎంతో ఆ పిల్లలు పెద్దయ్యాక తెలిసింది.

ఇక కట్టూబొట్టూ. అద్దాల పేటియా, కాంచళి, తలమీది టుక్రీ, మోచేతి పైదాకా బల్లియాలు, చెంపల పక్కన ఘుగ్రి. ఒకప్పుడు సుగాలి ఆడమనిషిని పొలం అవతలి నుంచే గుర్తుపట్టేవారు. పత్తి చేలో ఆ వేషం నిలవలేదు. పేటియా అంచు పత్తి కొమ్మలకు తగులుకుంటుంది, కుచ్చిళ్ల బరువు వంగి చేసే పనికి అడ్డం, బల్లియాల చేయి కొమ్మల మధ్య దూరదు. పురుగుమందు కొట్టిన చేలో నడిచిన బట్టను రోజూ ఉతకాలి, అద్దాల గుడ్డ రోజూ ఉతికితే నిలవదు. వీటికి తోడు ఊరి పిల్లల వెక్కిరింపు. ఒక తరం గడిచేసరికి చీర వచ్చింది. అది కూడా నూలుచీర కాదు, చవగ్గా దొరికే పాలియెస్టరు చీర. దేశానికి పొడవు పింజ పత్తి తీసి ఇచ్చిన ఆడవాళ్లు పాలియెస్టరు కట్టుకున్నారు. ఇప్పుడు పేటియా తీజ్ నాడు, సేవాలాల్ జయంతి నాడు, మన సంఘం సభల్లో వేదిక మీద కనిపిస్తుంది. అద్దె దుకాణంలో దొరుకుతుంది. దీన్ని చూసి కొందరు బాధపడతారు. నాకైతే ఆ వేషం వదిలినవాళ్లను తప్పుపట్టే హక్కు మనకు లేదనిపిస్తుంది. వంగి తీసింది వాళ్లు, మనం కాదు.

తిండి కూడా అదే కాలంలో మారింది. జొన్న బాటి, దానిలోకి పచ్చిమిరప నూరిన కారం, పండగకు సాళోయి. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. చేలగట్టు గుడిసెలో జొన్నపిండి విసురుకునే తీరిక లేని ఆడమనిషికి బియ్యం పెద్ద ఊరట. ఇంకో పక్క జొన్న వేసే భూమే పత్తికి పోయింది. జొన్న లేకపోతే చొప్ప లేదు, చొప్ప లేకపోతే ఆవు లేదు. ఎద్దుల జాతి అనిపించుకున్న మన తండాల్లో పశువు తగ్గడానికి ఇదీ ఒక దారే.

అన్నిటికన్నా లోతుగా తగిలిన మార్పు పెళ్లిలో వచ్చింది. మనలో పూర్వం ఓలి ఉండేది. పిల్లవాడి వైపువాళ్లు పిల్ల తండ్రికి డబ్బో పశువులో ఇచ్చి పిల్లను తెచ్చుకునేవారు, ఎందుకంటే పిల్ల పనిచేసే చెయ్యి. పత్తి ఆ చేతి విలువను ఇంకా పెంచాలి కదా, ఓలి పెరగాలి కదా? జరిగింది అది కాదు. నగదు పెరిగిన కొద్దీ, రైతు ఇళ్ల పెళ్లిళ్లు దగ్గరి నుంచి చూసిన కొద్దీ, ఉద్యోగం వచ్చిన కుర్రవాళ్లు తండాలో కనిపించిన కొద్దీ, ఓలి పోయి కట్నం వచ్చింది. నాయక్, కార్భారి కూర్చుని నసాబ్‌లో తీర్చే మాట బంగారం తులాల దగ్గర ఆగడం మొదలైంది. పనిచేసే చెయ్యి ఆడపిల్లదే, ఖర్చు లెక్క కూడా ఆమె మీదే పడింది. తండాల్లో ఆడపిల్ల పుడితే దిగులు అనే భావం మనకు వారసత్వంగా వచ్చింది కాదు. అది వచ్చిన కాలం మనకు తెలుసు, వచ్చిన దారి కూడా తెలుసు.

పండగల విషయంలో ఒక చిన్న గమనిక. తీజ్ శ్రావణంలో వస్తుంది, బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతూ తొమ్మిది రోజులు కన్నెపిల్లలు పాడే పండగ. అది పత్తిలో కలుపు తీసే కాలం. హోళీ తీతలు ముగిశాక వస్తుంది, అప్పుడు అందరూ తండాలో ఉంటారు, చేతిలో డబ్బు ఉంటుంది. ఏడాదిలోపు మగపిల్లవాడికి చేసే ధూండ్ కూడా అప్పుడే. వలస ఎక్కువగా ఉన్న తండాల్లో హోళీ ఎందుకు అంత బలంగా నిలిచిందో, తీజ్ పాటలు ఎందుకు ముందు మరుగున పడ్డాయో ఈ పంట క్యాలెండరు కొంత చెబుతుందనుకుంటాను.

ఎలుక లేని చేను, బుట్ట లేని మిల్లు

యానాదుల కథ వేరు. వీళ్లు దూరం నుంచి వచ్చినవాళ్లు కాదు, కాలవ పక్కనే ఉన్నవాళ్లు. చేపలు, పీతలు, పొలం ఎలుకలు. అడుగున చిల్లు పెట్టిన కుండలో గడ్డి పొగ పెట్టి బొరియలోకి ఊది ఎలుకను పట్టడం వాళ్ల విద్య. రైతుకు పంట దక్కేది, యానాదికి మాంసంతో పాటు బొరియలో ఎలుక దాచిన గింజలు దక్కేవి. పత్తి చేలో ఈ ఒప్పందం చెడింది. మోనోక్రోటోఫాస్, ఎండోసల్ఫాన్ కొట్టిన నేలలో పట్టిన జీవిని తినడం ప్రమాదం. మురుగు కాలవలోకి దిగిన మందునీళ్లతో చేపా పోయింది. గట్టు మీది కూరాకు, దుంప కూడా కలుపు మందుల కింద పోయాయి. రైతు పుస్తకంలో పురుగుమందు ఖర్చుగా రాసుకున్నది, యానాది ఇంట్లో కూర పోయినట్టు లెక్క. దీనికి పరిహారం ఎవరూ అడగలేదు, అడగాలని ఎవరికీ తోచలేదు.

యానాదికి మిగిలింది కాపలా. చేలో పత్తి రాశికి, మిల్లు ఆవరణలో బోరేలకు రాత్రి కాపలా. నమ్మకస్తులని పేరు, ఆ పేరే జీతానికి బదులు. అప్పు కింద కుటుంబం మొత్తం ఒకే యజమాని దగ్గర ఏళ్ల తరబడి ఉండిపోవడం ఈ పనిలో సాధారణం. యానాదుల కోసం ప్రత్యేకంగా నెల్లూరులో గిరిజనాభివృద్ధి సంస్థ ఉంది, చెంచుల కోసం శ్రీశైలంలో ఉంది. కానీ పేట చుట్టుపక్కల చెదురుమదురుగా నాలుగైదు గుడిసెలుగా ఉన్న యానాదులకు ఆ రెండూ దూరమే.

ఎరుకలవాళ్లకు పత్తి మొదట్లో పని తెచ్చింది. పత్తి మోయడానికి పెద్ద గంపలు కావాలి, జిన్నింగు మిల్లులో గింజ ఎత్తడానికి బుట్టలు కావాలి, ఇంటింటికీ చేటలు కావాలి. ఈత మట్టలు, వెదురు దబ్బలు అల్లే చేతులకు కొన్నేళ్లు తీరిక లేదు. తరవాత ప్లాస్టిక్ గోనె వచ్చింది, ప్లాస్టిక్ తట్ట వచ్చింది, మిల్లులో గాలితో పత్తిని పీల్చే గొట్టాలు వచ్చాయి. ఊరు పెరిగింది, పందుల దొడ్లు పురపాలక సంఘానికి సమస్య అయ్యాయి. చిలకలూరిపేట 1964లో పురపాలక సంఘం అయింది. పట్టణం అంచున ఉన్న ఎరుకల గుడిసెల స్థలాలు పత్తి డబ్బుతో ఇళ్ల స్థలాల ధరలు లేచాక పట్టణం నడిమధ్యకు వచ్చాయి. అక్కడ పట్టా ఉన్నవాడు నిలబడ్డాడు. లేనివాడు మళ్లీ అంచుకు జరిగాడు.

సోది చెప్పే ఎరుకలమ్మకు మాత్రం పత్తి కాలంలో గిరాకీ తగ్గలేదంటారు. తగ్గకపోవడంలో వింత లేదు. పురుగు ఎప్పుడు పడుతుందో, ధర ఎప్పుడు దిగుతుందో తెలియని పంట అది.

కోటప్పకొండ తిరునాళ్ల సంగతి చెప్పకుండా పేట చరిత్ర పూర్తి కాదు. మహాశివరాత్రికి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ల నుంచి ప్రభలు కొండకు కదులుతాయి. పత్తి బాగా పండిన ఏళ్లలో ప్రభ ఎత్తు పెరిగింది, విద్యుత్ ప్రభలు వచ్చాయి, పాటకచేరీలు వచ్చాయి. శివరాత్రి తీతలు ముగిసే వేళ కాబట్టి కూలి లెక్క చూసుకున్న సుగాలి కుటుంబాలు కూడా ఆ తిరునాళ్లలో గాజులు, పూసలు కొనుక్కుని తండా దారి పట్టేవి. ప్రభ కట్టిన డబ్బూ పూసలు కొన్న డబ్బూ ఒకే చేలోంచి వచ్చింది. ఎత్తులోనే తేడా.

తెల్లదోమ ఏళ్లు

1984-85లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. పైరెత్రాయిడు మందులు కొత్తగా వచ్చి పురుగును చంపుతున్నాయనుకున్న కాలం. అవి మిత్రపురుగులను కూడా చంపాయి, తెల్లదోమ పెరిగింది. ఆ వెంటనే శనగపచ్చ పురుగు మందులకు లొంగకుండా పోయింది. పంట కాలంలో పది, పదిహేనుసార్లు, అంతకంటే ఎక్కువే కొట్టినవాళ్లు ఉన్నారు. 1987-88లో ప్రకాశం, గుంటూరు ప్రాంతాల్లో పత్తి రైతులు అదే పురుగుమందు తాగి చనిపోయారు. రాష్ట్రం పత్తి రైతుల ఆత్మహత్యల గురించి మొదట విన్నది అప్పుడే. వరంగల్లు విషాదం 1997-98లో, పదేళ్ల తరవాత.

ఆ ఏళ్లలో పత్తి తీసేవాళ్లకు ఏమైంది? కాయ లేకపోతే తీత లేదు. అడ్వాన్సు తీసుకుని వచ్చినవాళ్లు పని లేకుండానే అప్పుతో తిరిగి వెళ్లారు. చెట్టుకు పది గుబ్బలుంటే రోజుకు తీసే బరువు, నాలుగు గుబ్బలుంటే ఎక్కడ వస్తుంది? నడిచే దూరం అంతే, వంగే నడుము అంతే. మందు కొట్టే పని కూడా కూలీలదే. ముక్కుకు గుడ్డ కట్టుకుని, కాళ్లకు చెప్పుల్లేకుండా కొట్టేవారు. కళ్లు తిరిగి పడిపోతే మజ్జిగ పట్టించడం వైద్యం. రైతు మరణం కనీసం పేపరులో పడింది.

గుంటూరు రైతులు ఆగలేదు. అమ్మిన ఎకరానికి అక్కడ అయిదెకరాలు అని రాయచూరు వైపు, వరంగల్లు, ఖమ్మం, ఆదిలాబాదు వైపు వెళ్లారు. పత్తి పద్ధతిని, పురుగుమందు దుకాణాన్ని, అప్పు పద్ధతిని వెంట తీసుకెళ్లారు. అలా తెల్లబంగారం తెలంగాణ తండాల గడపకు చేరింది. అక్కడి లంబాడీలు చాలామంది కూలీగా కాక సొంత చెలకలో పత్తి వేసిన రైతులు. వాళ్ల కథ రాయాలంటే వేరే వ్యాసం కావాలి. నిజాం కాలంలో లంబాడీలు వ్యాపారం నుంచి వ్యవసాయంలోకి ఎలా నెట్టబడ్డారో భంగ్యా భూక్యా 2010లో వచ్చిన తన పుస్తకంలో రాశారు, అక్కడి నుంచి మొదలుపెట్టవచ్చు.

భూమి మాట

మన ప్రాంతం షెడ్యూల్డు ప్రాంతం కాదు. కాబట్టి గిరిజన భూమి గిరిజనేతరుడికి పోకుండా ఆపే 1/70 చట్టం పల్నాడులో వర్తించదు. ఇది మన యువకుల్లో చాలామందికి తెలియదు, ఏజెన్సీ హక్కులు ఇక్కడా ఉన్నాయనుకుంటారు. ఇక్కడ ఉన్నది ప్రభుత్వం ఇచ్చిన డి.కె.టి. పట్టా భూమికి 1977 నాటి అసైన్డు భూముల బదిలీ నిషేధ చట్టం, అడవి అంచున సాగు చేసుకునేవాళ్లకు 2006 నాటి అటవీ హక్కుల చట్టం. పత్తి ధర బాగున్న ఏళ్లలో అసైన్డు భూములు కాగితం మీద సుగాలి పేరున, సాగులో వేరేవారి చేతిలో ఉండడం మామూలైపోయింది. కౌలు అంటారు, తాకట్టు అంటారు. పేరు ఏదైనా తీతకు వెళ్లేది మళ్లీ పట్టాదారు పెళ్లామే.

2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. విత్తనం ధర మీద రాష్ట్ర ప్రభుత్వం కంపెనీతో తలపడి 2006లో 450 గ్రాముల ప్యాకెట్టును 750 రూపాయలకు దించింది. శనగపచ్చ పురుగు మందులు కొంతకాలం తగ్గాయి, దిగుబడి పెరిగింది, గణపవరంలో మిల్లులు పెరిగాయి. కానీ మిల్లు లోపల కదురు దగ్గర నిలబడినవాళ్లలో చాలామంది ఒడిశా, బీహారు కుర్రవాళ్లు. మన తండాల పిల్లలు ఆ సమయానికి హైదరాబాదులో ఆటోలు, కట్టడం పనులు, చదివినవాళ్లు ప్రైవేటు ఉద్యోగాలు. 2008 నాటికి ఉపాధి హామీ దేశంలో అన్ని జిల్లాలకూ వచ్చాక మేస్త్రీ అడ్వాన్సుకు తల ఊపే ఇళ్లు తగ్గాయి. కూలి రేటు అడిగే ధైర్యం వచ్చింది. పత్తి కాలం మొత్తంలో మనవాళ్లు బేరమాడగలిగిన కొద్ది ఏళ్లు అవే.

ఇప్పుడు పేట చుట్టూ పత్తితో పోటీగా మిరప. గులాబీ రంగు పురుగు బీటీనీ తినడం నేర్చుకుంది, నూలుమిల్లులు కరెంటు బిల్లుతో, దారం ధరతో తంటాలు పడుతున్నాయి. మిరప కోతలకు కర్నూలు జిల్లా కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలు లారీలెక్కి వస్తున్నాయి. వాళ్లలో సుగాలీలూ ఉన్నారు, ఇతరులూ ఉన్నారు. ఫిబ్రవరిలో యడ్లపాడు దాటి రోడ్డు పక్క చూస్తే నీలం పరదాల గుడిసెలు కనిపిస్తాయి. పొయ్యి దగ్గర ఓ ముసలమ్మ, ఊయలలో పసివాడు, చేలో మిగిలినవాళ్లు. ఆగి గోరు మాటలో పలకరిస్తే, ఆ గుడిసెల్లో ఏదో ఒకదాని నుంచి జవాబు అదే మాటలో వస్తుంది. ఏ తండా, ఏ గోత్రం అని వాళ్లే ముందు అడుగుతారు.